తెగిన నరం మళ్లీ పెరుగుతుందా? ‘గ్రోత్ ఫ్యాక్టర్’ వైద్యం ఎక్కడిదాకా వచ్చింది?

గ్రైండర్ డిస్క్ జారింది. లేదంటే అద్దం షీటు మోస్తుంటే అంచు కోసుకుంది. క్యాంపు పక్క క్లినిక్‌లో రక్తం ఆపి, కుట్లు వేసి, కట్టు కట్టి పంపారు. పది పన్నెండు రోజులకు కుట్లు విప్పారు. పైన చర్మం చక్కగా అతికింది. కానీ చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారే ఉన్నాయి. స్పానర్ పట్టుకుంటే జారిపోతోంది. “నరం దెబ్బతింది, మెల్లగా అదే వస్తది” అని రూమ్‌లో ఒకరంటారు. “ఊరికి పోయి నరాల సూదులు వేయించుకో” అని ఇంకొకరు. ఫోన్ తెరిస్తే గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్లతో నరాలు మళ్లీ మొలుస్తాయని ఎవరో ప్రకటన ఇస్తున్నారు.

ముందే సూటిగా చెప్పేస్తున్నాం. చేతి నరం, కాలి నరం నిజంగానే మళ్లీ పెరుగుతుంది. దాన్ని పెంచే గ్రోత్ ఫ్యాక్టర్లు కూడా నిజంగానే ఉన్నాయి, వాటిని మీ ఒళ్లే తయారుచేసుకుంటుంది. కానీ తెగిన నరానికి వాటిని సూదిమందుగా ఎక్కించి బాగుచేయడం గల్ఫ్‌లో గానీ మన దగ్గర గానీ ఇంకా మామూలు వైద్యం కాలేదు. తెగిన నరానికి ఇవాళ ఉన్న వైద్యం ఆపరేషనే. ఆ ఆపరేషన్‌కు ఒక గడువుంది. సూదుల కోసం ఎదురుచూస్తూ ఆ గడువు దాటబెట్టుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఏ ‘నరం’?

మన మాటలోనే ఒక చిక్కు ఉంది. తెలుగులో నరం అంటే మూడు వేర్వేరు వస్తువులు. ఇంజెక్షన్ వేసేటప్పుడు “నరం దొరకట్లేదు” అంటాం, అది రక్తనాళం. కాలు బెణికితే “నరం పట్టేసింది” అంటాం, అది చాలాసార్లు కండ గానీ, కండను ఎముకకు కట్టి ఉంచే తెల్లటి తాడులాంటి టెండన్ గానీ. మొద్దుబారడం, తిమ్మిరి, వేలు కదలకపోవడం తెచ్చేది మూడోది, అసలు నరం. హిందీలో ‘నస్’ అన్నా ఇదే గందరగోళం. గల్ఫ్ ఆసుపత్రిలో మీ మాటను ఎవరో హిందీలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకో అరబ్బీలోకో మారుస్తారు. మధ్యలో అసలు సంగతి జారిపోతుంది. అందుకే “నరం తెగింది” అని ఆగిపోకుండా, ఏం జరుగుతోందో చెప్పండి: ఈ వేలికి స్పర్శ తెలియడం లేదు, ఈ వేలు ఇటు కదలడం లేదు. అరబ్బీలో నరాన్ని ‘అసబ్’ అంటారు, టెండన్‌ను ‘వతర్’ అంటారు, తిమ్మిరిని ‘తన్మీల్’ అంటారు. ఈ మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు.

కుట్లు వేయక ముందే, మత్తు సూది ఇవ్వక ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మత్తు ఎక్కాక స్పర్శ గురించి ఎవరూ చెప్పలేరు. చూపుడు వేలి కొస మొద్దుబారి, బొటనవేలు చిటికెన వేలిని అందుకోలేకపోతే దెబ్బ మీడియన్ నరానికి తగిలి ఉండొచ్చు. చిటికెన వేలి కొస మొద్దుబారి, వేళ్లు దూరంగా చాపలేకపోతే, రెండు వేళ్ల మధ్య పట్టుకున్న కాగితాన్ని ఎదుటివాళ్లు లాగితే జారిపోతే అది అల్నార్ నరం. మణికట్టు పైకి లేవక చెయ్యి కిందికి వేలాడితే రేడియల్. కాలిలో అయితే మోకాలి బయటి పక్క దెబ్బ తగిలాక పాదం పైకి లేవకపోవడం, నడుస్తుంటే చెప్పు జారిపోవడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా “చర్మం కుట్టడం సరే, లోపల నరం, టెండన్ చూశారా?” అని అడగాలి. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమో అని మొహమాటపడతారు చాలామంది. చెయ్యి మీది.

లోపల ఏం జరుగుతుంది?

ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నరం మల్టీకోర్ కేబుల్ లాంటిది. పైన ఒక తొడుగు, లోపల కట్టలు కట్టలుగా వేల పోగులు. కొన్ని పోగులు మెదడు నుంచి కండకు ఆర్డరు తీసుకెళ్తాయి, కొన్ని చర్మం నుంచి స్పర్శ, వేడి, నొప్పి కబురు వెనక్కి తెస్తాయి. అయితే ఒక పెద్ద తేడా ఉంది. కేబుల్‌కు జాయింట్ వేస్తే బల్బు వెంటనే వెలుగుతుంది. నరానికి అలా కాదు. తెగిన చోటు నుంచి వేలి కొస దాకా ఉన్న పోగులన్నీ కొన్ని రోజుల్లో చచ్చిపోతాయి. ఎందుకంటే ఒక్కో పోగూ వెన్నెముకలోనో దాని పక్కనో ఉన్న ఒక కణం సాచిన చెయ్యి. కణం నుంచి విడిపోయాక ఆ చెయ్యి బతకదు. 1850లో అగస్టస్ వాలర్ అనే ఇంగ్లీషు వైద్యుడు కప్ప నాలుక నరాలు కోసి ఈ సంగతి చూపించాడు. ఇప్పటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

పోగులు పోయినా వాటిని చుట్టుకుని ఉన్న గొట్టాలు మిగిలే ఉంటాయి. ఆ గొట్టాల్లో కాపురం ఉండేవి ష్వాన్ కణాలు. ఇవే అసలు పనివాళ్లు. నరం బాగున్నన్నాళ్లూ ఇవి పోగుకు ఇన్సులేషన్ చుడతాయి. నరం తెగగానే పని మార్చుకుంటాయి. ముందు చెత్త ఎత్తిపోస్తాయి. తర్వాత వరసగా నిలబడి దారి కడతాయి. ఆపైన పై నుంచి వచ్చే కొత్త పోగును పిలిచే రసాయనాలు వదులుతాయి. ఆ రసాయనాలే గ్రోత్ ఫ్యాక్టర్లు. పేర్లు చాలా ఉన్నాయి గానీ మూడు తెలిస్తే చాలు: ఎన్‌జీఎఫ్, బీడీఎన్‌ఎఫ్, జీడీఎన్‌ఎఫ్. మొదటిది ముఖ్యంగా నొప్పి, వేడి లాంటి కబుర్లు మోసే పోగులకు మేత. మిగతా రెండూ కండను కదిలించే పోగులకు బాగా పనికొస్తాయి.

మేత, దారి రెండూ దొరికితే కొత్త పోగు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే నెలకు అంగుళం. రెండు కొసలూ దూరంగా ఉండిపోతే మాత్రం దారి దొరకని పోగులు అక్కడే చిక్కుపడి గడ్డ కడతాయి. ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు ఉండే గడ్డ అది, న్యూరోమా అంటారు. అందుకే సర్జన్ మైక్రోస్కోప్ కింద వెంట్రుక కంటే సన్నని దారంతో ఆ కొసలు కలుపుతాడు. కుట్టడం వల్ల నరం బాగవదు. పోగుకు దారి దొరుకుతుంది, అంతే. మిగతాది ఒళ్లు చేసుకోవాలి.

అన్ని దెబ్బలూ తెగడం కావు. 1943లో హెర్బర్ట్ సెడాన్ అనే బ్రిటిష్ సర్జన్ వీటిని మూడు రకాలుగా విడదీశాడు. మొదటిది ఒత్తిడి వల్ల నరం తాత్కాలికంగా పనిచేయకపోవడం. ఇది రోజుల్లోనో వారాల్లోనో, మహా అయితే రెండు మూడు నెలల్లోనో దానంతటదే వస్తుంది. రెండోదాంట్లో లోపలి పోగులు తెగుతాయి, గొట్టాలు మిగులుతాయి. నెలకు అంగుళం లెక్కన కోలుకుంటుంది. మూడోదాంట్లో నరం మొత్తం తెగుతుంది, ఆపరేషన్ లేకుండా రాదు. “అదే వస్తది” అన్న రూమ్‌మేట్ మాట మొదటి రెండింటికి సరిపోతుంది. అద్దం, బ్లేడు, గ్రైండర్, రేకు అంచు కోసిన గాయం తర్వాత మొద్దుబారితే మాత్రం మూడోదే అనుకుని చూపించుకోవాలి.

పన్నెండు నెలలకని వెళ్లి ముప్పై ఏళ్లు

గ్రోత్ ఫ్యాక్టర్ అనేది ఒకటుందని కనిపెట్టినావిడ కూడా పని కోసం దేశం దాటిన మనిషే. రీటా లెవీ-మొంటాల్చీనీ, ఇటలీలోని టూరిన్ ఊరు. యూదులకు యూనివర్సిటీల్లో చోటు లేదని ముస్సోలినీ ప్రభుత్వం 1938లో చట్టం తెచ్చింది. ఆవిడ ఇంట్లో పడకగదినే ల్యాబ్ చేసుకుని, కోడిగుడ్లలోని పిండాల మీద పరిశోధన సాగించారు. యుద్ధం అయ్యాక 1947లో విక్టర్ హాంబర్గర్ పిలుపు మీద అమెరికాలోని సెయింట్ లూయిస్ వెళ్లారు. పది పన్నెండు నెలలుండి వచ్చేద్దామనుకున్నారు. ముప్పై ఏళ్లు అక్కడే పనిచేశారు. రెండేళ్ల వీసా ఇరవై ఏళ్లయిన మనవాళ్లకు ఇది కొత్త కథేం కాదు.

ఎలుక కణితి ముక్కను కోడి పిండానికి అంటిస్తే నరాల పోగులు ఆ కణితి వైపు విపరీతంగా పెరగడం ఆవిడ గమనించారు. కణితి ఏదో రసాయనం వదులుతోందన్నమాట. స్టాన్లీ కోహెన్‌తో కలిసి దాన్ని వెతికితే ముందు పాము విషంలో, తర్వాత ఎలుక లాలాజల గ్రంథిలో బోలెడంత దొరికింది. అదే ఎన్‌జీఎఫ్. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది. బీడీఎన్‌ఎఫ్ 1982లో, జీడీఎన్‌ఎఫ్ 1993లో దొరికాయి.

దొరికి ఇన్నేళ్లయినా సూదిమందు ఎందుకు రాలేదు?

ప్రయత్నించక కాదు. అమెరికాలో షుగరు వల్ల కాళ్ల నరాలు దెబ్బతిన్నవాళ్లు వెయ్యి మందికి పైగా పాల్గొన్న పెద్ద పరీక్షలో ఎన్‌జీఎఫ్ ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. 2000లో ఫలితం ప్రచురించారు. పనిచేయలేదు. పైగా సూది వేసిన చోట నొప్పి. ఆ నొప్పికి కారణం ఉంది: ఎన్‌జీఎఫ్ మేపే పోగుల్లో ఎక్కువ భాగం నొప్పి కబురు మోసేవే. తర్వాత కొన్ని కంపెనీలు కీళ్ల నొప్పి తగ్గించడానికి ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే మందు తయారుచేశాయంటే చూడండి, ఒకే పదార్థం ఒకచోట మందు, ఇంకోచోట మంట.

రెండో చిక్కు, రక్తంలో కలిసిన గ్రోత్ ఫ్యాక్టర్ ఎంతోసేపు నిలవదు. భుజానికి వేసిన సూది మణికట్టులో తెగిన నరం దగ్గరికి చేరి నెలల తరబడి పనిచేయడం జరిగే పని కాదు. అది తెగిన చోటే ఉండాలి, కొంచెం కొంచెంగా ఊరుతుండాలి.

మూడోది అన్నిటికంటే గమ్మత్తైనది. పోనీ తెగిన చోటే ఎక్కువగా పెడదామని జంతువుల్లో జీడీఎన్‌ఎఫ్ దట్టించి చూశారు. పోగులు పరిగెత్తుకుంటూ వచ్చాయి. వచ్చి అక్కడే ఆగిపోయాయి! మేత దొరికిన చోటు వదిలి ముందుకు పోవడం ఎందుకని చుట్టలు చుట్టుకుని కూర్చున్నాయి. శాస్త్రవేత్తలు దీనికి మిఠాయి కొట్టు అని పేరు పెట్టారు. పిల్లాడిని బడికి పంపితే దారిలో మిఠాయి కొట్టు దగ్గరే ఆగిపోయినట్టు. కాబట్టి మేత ఎంత, ఎక్కడ, ఎప్పుడు ఆపాలి అన్నది తేలాలి. ఇప్పటి పరిశోధనంతా దీని చుట్టూనే.

అలాంటి వాటిలో బాగా ముందుకు వచ్చిన ఒకటి అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీది. ఒంట్లో మెల్లగా కరిగిపోయే ప్లాస్టిక్‌తో గొట్టం చేసి, దాని గోడలో జీడీఎన్‌ఎఫ్ నింపిన చిన్న చిన్న గుళికలు పెట్టారు. కోతుల ముంజేతి నరంలో 5 సెంటీమీటర్ల ఖాళీ మధ్య ఆ గొట్టం అమర్చారు. ఏడాది చూశాక, వేళ్లతో చిన్న వస్తువు పట్టుకునే పని చాలావరకు తిరిగి వచ్చిందని 2020లో ప్రకటించారు. ఇంకోచోట ఎలుకల్లో జీడీఎన్‌ఎఫ్ తయారుచేసే జన్యువును నరంలో పెట్టి, డాక్సీసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్‌నే స్విచ్‌గా వాడి, కావలసినన్నాళ్లు ఆన్ చేసి తర్వాత ఆపేశారు. మిఠాయి కొట్టు తెరిచి, పోగులు దాటే వేళకు మూసేశారన్నమాట. ఇవి మనుషుల దాకా రావడానికి ఇంకా టైమ్ పడుతుంది.

మనుషుల్లో ఎన్‌జీఎఫ్‌కు అనుమతి దొరికిన చోట్లూ ఉన్నాయి. కంటి నల్లగుడ్డు నరం దెబ్బతిని పుండు పడే ఒక అరుదైన జబ్బుకు ఎన్‌జీఎఫ్ చుక్కల మందును యూరప్‌లో 2017లో, అమెరికాలో 2018లో అనుమతించారు. చుక్క వేస్తే మందు నేరుగా నరం కొసకు తగులుతుంది కదా, అందుకే అక్కడ కుదిరింది. చైనాలో ఎలుక లాలాజల గ్రంథి నుంచి తీసిన ఎన్‌జీఎఫ్ ఇంజెక్షన్‌ను నరాల దెబ్బలకు వాడుతున్నారు. తెగిన నరాలకు అమెరికా, యూరప్‌లలో దానికి అనుమతి లేదు.

అందరికంటే ముందు మన ఆసుపత్రులకు రాగలదని మాకు అనిపించేది మాత్రం మందు కాదు, కరెంటు. కెనడాలో చేసిన పరీక్షల్లో, ఆపరేషన్ అయిన వెంటనే నరానికి సెకనుకు 20 సార్ల చొప్పున ఒక గంట సన్నని కరెంటు ఇచ్చారు. దాంతో నరం కణాలే తమ బీడీఎన్‌ఎఫ్ పెంచుకుంటాయని అంతకుముందే జంతువుల్లో తేలింది. మణికట్టు నరం నొక్కుకుపోయినవాళ్లలోనూ, వేలి నరం తెగినవాళ్లలోనూ ఇవ్వనివాళ్ల కంటే ఇచ్చినవాళ్లు బాగా కోలుకున్నారు. ఇవి కొద్దిమంది మీద చేసిన పరీక్షలే, ఇంకా అన్నిచోట్లా దొరకదు. ఒక్క మాట: ఫిజియోథెరపీలో చర్మం మీద ప్యాడ్లు అతికించి ‘కరెంటు పెట్టడం’ ఇది కాదు. రెండూ వేరు.

అమ్మేవి ఏమిటి, కొనొద్దనేవి ఏమిటి

ఊళ్లో ‘నరాల సూదులు’ అంటే దాదాపు ఎప్పుడూ బీ12 విటమిన్, మిథైల్‌కోబాలమిన్. ఒంట్లో బీ12 తక్కువైనవాళ్లకు అది మంచి మందు. తిమ్మిర్లు తగ్గుతాయి కూడా. కానీ తెగిన కేబుల్‌కు పెయింట్ వేసినట్టే, తెగిన రెండు కొసలను అది కలపలేదు. ఎర్రటి సూదులు పది వేయించుకుని ఆరు నెలలు గడిపేస్తే పోయేది సూదుల డబ్బు ఒక్కటే కాదు, ఆరు నెలలు.

పీఆర్‌పీ అని ఇంకొకటి. మీ రక్తమే కొంత తీసి, మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని తిరిగి ఎక్కిస్తారు. అందులో గ్రోత్ ఫ్యాక్టర్లు ఉన్న మాట నిజం. మణికట్టు నరం నొక్కుకుపోయినప్పుడు కొందరికి కొన్నాళ్లు ఉపశమనం ఇచ్చిందని చిన్న పరీక్షలు చెబుతున్నాయి. తెగిన నరానికి ఆపరేషన్ బదులు ఇది చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ‘స్టెమ్ సెల్స్‌తో గ్యారంటీ’ అన్నవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. అడగాల్సింది ఒకటే: “నా నరం తెగిందా, నొక్కుకుపోయిందా? ఏ పరీక్షలో తేలింది?” దానికి జవాబు లేకుండా ప్యాకేజీ రేటు చెప్పేచోట కూర్చోవద్దు. నిజంగా పరిశోధనలో భాగంగా ఇచ్చేచోట మీ సంతకం తీసుకుంటారు, నష్టాలు చెబుతారు, ఆ పరిశోధన మందుకు మీ దగ్గర డబ్బు అడగరు.

నరం క్యాలెండరు

ఇక్కడ లెక్క వేసుకోవాలి. మణికట్టు దగ్గర తెగితే వేలి కొస సుమారు 18 సెంటీమీటర్ల దూరం. రోజుకు మిల్లీమీటరు చొప్పున ఆరు నెలలు. మోచేయి దగ్గర తెగితే అరచేతి కండలు చేరడానికి పది నెలలు, ఏడాది. బైకు ప్రమాదంలో మెడ, భుజం దగ్గర నరాలు తెగిపోతే వేళ్ల దాకా రావడానికి రెండేళ్లు.

కానీ కండ అంతకాలం ఆగదు. నరం కబురు లేని కండ ఏడాది, ఏడాదిన్నర దాటితే పీచుగా మారిపోతుంది. ఆ తర్వాత నరం చేరినా కదిలించడానికి ఏమీ మిగలదు. ష్వాన్ కణాలూ అంతే. నెలలు గడిచేకొద్దీ గ్రోత్ ఫ్యాక్టర్లు వదలడం తగ్గించేస్తాయి. అంటే మీ ఒంట్లోనే ఉన్న ఉచిత మందు మొదటి నెలల్లోనే బలంగా పనిచేస్తుంది. ఆలస్యం చేసే ప్రతి వారం ఈ రెండు చివరల నుంచీ కోత పెడుతుంది. స్పర్శ సంగతి కొంచెం మెరుగు, ఆలస్యమైనా కొంత తిరిగి రావచ్చు.

అందుకని పదునైన వస్తువు కోసిన శుభ్రమైన గాయమైతే మొదటి కొన్ని రోజుల్లోనే నరం కుట్టించుకోవడం మంచిది. వారాలు గడిస్తే కొసలు ముడుచుకుపోయి నేరుగా కలపడానికి అందవు. అప్పుడు కాలి వెనకవైపు నుంచి సూరల్ అనే నరం ముక్క తీసి మధ్యలో అతకాలి. దానికి పాదం బయటి అంచు శాశ్వతంగా కొంత మొద్దుబారుతుంది. పైకి గాయం లేకుండా దెబ్బ తగిలి మొద్దుబారితే ఆగి చూడొచ్చు. నరాల పరీక్ష, అంటే ఎన్‌సీఎస్, ఈఎంజీ, దెబ్బ తగిలిన మూడు నాలుగు వారాలకు చేస్తే నమ్మదగ్గ ఫలితం ఇస్తుంది. మరీ ముందు చేస్తే బాగున్నట్టే కనిపించి మోసం చేయగలదు. మూడు నెలలు దాటినా ఏ మార్పూ లేకపోతే ఇంకా ఆగొద్దు. భుజం దగ్గర పెద్ద దెబ్బలకు పనిచేస్తున్న పక్క నరం కొమ్మను తెచ్చి కండకు దగ్గరలో కలిపే ఆపరేషన్ ఉంది. దాన్నీ మొదటి ఆరు నెలల్లోపే చేయించుకోవాలి.

“ఇంటికి పోయి చూపించుకో” అంటే?

ఈ మాట కంపెనీ నుంచి వినిపించినప్పుడు చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఇంట్లోవాళ్లు కూడా “వచ్చేయ్ నాయనా, ఇక్కడే చూపిద్దాం” అంటారు. మా అభిప్రాయం వేరు. తెగిన గాయమైతే, అక్కడ చేతి సర్జన్ గానీ ప్లాస్టిక్ సర్జన్ గానీ ఉన్న ఆసుపత్రి అందుబాటులో ఉంటే, ముందు అక్కడే కుట్టించుకోండి. పాస్‌పోర్టు చేతికి వచ్చి, ఎగ్జిట్ పడి, టికెట్ దొరికేసరికి నెల గడిచిపోవచ్చు. ఎలాగూ రావాల్సి వస్తే శంషాబాద్‌లో దిగి ఊరికి పోయి, పండగ చూసుకుని, తర్వాత అనుకోవద్దు. ఆ వారంలోనే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, వైజాగ్‌లో కేజీహెచ్ లాంటి ప్లాస్టిక్ సర్జరీ విభాగమున్న ఆసుపత్రికి కాగితాలతో సహా వెళ్లండి.

పని చేస్తుండగా జరిగిన దెబ్బకు వైద్యం ఖర్చు మీది కాదు. యూఏఈలో చికిత్స ఖర్చు యజమానిదే. పనికి వెళ్లలేని కాలానికి ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలని చట్టం. సౌదీలో విదేశీ కార్మికుల పేరు మీద కూడా యజమాని గోసీకి ప్రమాద బీమా కోసం జీతంలో 2 శాతం కడతాడు. మీ పేరు అందులో ఉందో లేదో చూసుకోండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, ఉద్యోగం పోయేంత శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ఆ పాలసీ కాగితం ఇంట్లోవాళ్ల దగ్గర ఒక ఫొటో ఉండాలి. చాలా ఇళ్లలో అది ఏజెంటు దగ్గరే ఉండిపోతుంది. కంపెనీ పట్టించుకోకపోతే ఎంబసీని గానీ, మదద్ పోర్టల్‌ను గానీ ఆశ్రయించండి.

సంతకాల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. గాయం మానిన నెలకే “అంతా బాగైంది” అని సర్టిఫికెట్ ఇచ్చి, ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం ముందు పెడతారు. చర్మం మానింది, నరం ఇంకా దారిలోనే ఉంది. మణికట్టు దెబ్బకే ఆరు నెలలని పైన చూశాం కదా. వైకల్యం ఎంత అన్నది అప్పుడే తేల్చడానికి వీల్లేదు. నరం రిపోర్టు లేకుండా, కాగితంలో ఏముందో ఎవరితోనైనా చదివించుకోకుండా సంతకం చేయొద్దు. దెబ్బ తగిలిన రోజు రిపోర్టు, ఆపరేషన్ నోట్స్, ఈఎంజీ కాగితం అన్నిటికీ ఫొటోలు తీసి ఇంటికి పంపండి.

ఎదురుచూసే నెలల్లో

నరం వచ్చేలోపు వేళ్లు బిగుసుకుపోతే వచ్చినా లాభం లేదు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు రోజూ రెండో చేత్తో ప్రతి వేలినీ వంచి చాపాలి. రాత్రిపూట స్ప్లింట్ ఇస్తే అది కట్టుకునే పడుకోవాలి. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు. వంటగది, టీ గ్లాసు, బైకు సైలెన్సరు, చేతిలో కాలుతున్న సిగరెట్, ఇవన్నీ కాల్చి పుండు చేస్తాయి. సిగరెట్ అసలు మానేస్తే నరానికి రక్తం బాగా అందుతుంది. షుగరు ఉంటే అదుపులో పెట్టుకోండి, అదుపు తప్పిన షుగరు నరం పెరగడాన్ని మందగిస్తుంది.

స్పర్శ కొంచెం కొంచెంగా మొదలయ్యాక మెదడుకు మళ్లీ నేర్పాలి. బియ్యంలో నాణెం, బోల్టు, గుండీ దాచి కళ్లు మూసుకుని వెతకండి. ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి. రోజుకు పది నిమిషాలు.

నరం ఎక్కడిదాకా వచ్చిందో మీరే చూసుకోవచ్చు. మచ్చ దగ్గర నుంచి వేళ్ల వైపు వేలితో మెల్లగా తడుతూ పోండి. ఒకచోట వేళ్లలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. పెరుగుతున్న పోగుల కొస అక్కడుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ఫ్రాన్స్‌లో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్ ఒకరికొకరు తెలియకుండానే శత్రు పక్షాల్లో ఉండి ఇదే గుర్తును రాశారు. ఆ జివ్వుమనే చోటు నెలకు అంగుళం చొప్పున కిందికి జరుగుతుంటే పని సాగుతోందన్నమాట. మూడు నెలలైనా మచ్చ దగ్గరే ఉండిపోతే సర్జన్‌కు మళ్లీ చూపించాలి. నెలకోసారి, ఒకే తారీఖున, మచ్చ నుంచి ఎంత దూరమో స్కేలుతో కొలిచి ఫోన్లో రాసి పెట్టుకోండి. తర్వాతిసారి ఓపీకి వెళ్లినప్పుడు ఆ కొలతలు డాక్టరుకు చూపించండి.